ఈనె కింది ముండ్లు

ఆకు తెంపంగనే పాలు కారినయని "పాలాకు దొరికె" అనుకుంట కొంగు నింపుకునేటోళ్లను జూస్తే అంజవ్వకు అరికాలి మంట నెత్తికెక్కేది. "పాలు జూసి మురువకుండ్రే, ఈనె జూడుండ్రి! జిల్లేడుకు గూడ పాలున్నయి, తింటరా మరి?" అని గట్టు మీద నిలబడి తిట్టేది. తిట్లు పడ్డోళ్లు గూడ నవ్వుకుంట కొంగు దులుపుకునేటోళ్లు. బోధన్ చుట్టుపక్కల ఆకులు, ఏర్లు ఎరిగినోళ్లల్ల ఆమెను మించినోళ్లు లేరని అందరికి ఎరుకే.

చక్కెర కార్ఖాన పొగగొట్టం కొత్తగ లేచిన ఏడాది ముచ్చట ఇది. కాలువ నీళ్లు ఒచ్చినకాన్నుంచి ఎటు జూసినా చెరుకే. చెరుకుతోని పాటు గట్ల పొంటి నూరు తీర్ల పిచ్చిమొక్కలు. చలికాలం మొదలు కాంగనే అండ్ల రెండు తీర్ల పాలాకు మొలుస్తుండె. ఒకటి పాతరి. చెరుకు కొట్టనొచ్చిన మరాఠోళ్లు పెట్టిన పేరు అది. వాళ్లు జొన్నరొట్టెల పెట్టుకోని పచ్చిదే నములుతరు, మనోళ్లు బాలింతలకు పప్పుల ఏసి పెడ్తరు, పాలు పడ్తయని. రెండోది కాహు. ఏ హకీంసాబు తోటకెల్లి ఇత్తనం గాలికి ఎగిరొచ్చి పడ్డదో, గట్లెంబడి అడవి లెక్క పెరిగింది. అది హకీంల మందు. దగ్గు ఆగనోళ్లకు, నిద్ర పట్టనోళ్లకు ఇస్తరు. తెలిసినోళ్లు కొలిచి ఇస్తేనే మందు, తెల్వనోళ్లు కూరొండుకుంటే మనిషి తూలుతడు.

పెద్దగైతే రెంటికి పోలికే లేదు. కాహు మనిషెత్తు లేస్తది, దాని ఆకు పండుకోక అంచు మీద నిలబడ్తది. గాని హకీంసాబుకు పువ్వు రాకముందటి లేతాకు కావాలె. గప్పుడేమో రెండు మొక్కలు నేలకు కరుసుకోని అక్కచెల్లెండ్ల లెక్క ఉంటయి. అదే పచ్చదనం, అదే అంచు, అవే పాలు. తేడా ఒక్కటే. ఆకు తిప్పి, నడిమి ఈనె కింద ఏలు నడిపిస్తే పాతరి నున్నగ పోతది. కాహుకు సన్నటి ముండ్లు ఒక్క వరుసల తగులుతయి, దువ్వెన పండ్ల తీరు.

ఆ ముండ్లు కంటికి కనవడయని గాదు. ఎండల తిప్పి చూస్తే కనవడ్తయి, మంచి కండ్లున్నోళ్లకు. అంజవ్వకు యాభై దాటినయి, దగ్గరి చూపు పోయి నాలుగేండ్లయింది. అయినా ఆమెకు ఫికరు లేకుండె. "కన్ను మోసం జేస్తదే, బొటనేలు జెయ్యది" అనేది. ముఖం ఇటు తిప్పి ముచ్చట చెప్పుకుంటనే, కుడిచేతి బొటనేలు ఈనె కింద సర్రున నడిపిచ్చి ఈ ఆకు ఈ గంపల, ఆ ఆకు ఆ గంపల ఏసేది. నిజామాబాద్ గంజి బజార్ల మందుమూలికల దుకాణం రాజనర్సు ఇరవై ఏండ్లల్ల ఒక్కనాడు ఆమె మూట ఇప్పి చూడలేదు. "అంజవ్వ బొటనేలు ముట్టిన సరుకు" అని తను సరుకిచ్చే హకీంసాబుకు పంపిచ్చేటోడు. ఆ మాట ఇన్నప్పుడల్ల ఆమెకు మెడల కంటె ఏసినట్టే ఉండేది.

ఇగ ఇంటి సంగతి. కొడుకు హన్మాండ్లు కార్ఖానల కూలి. కోడలు గంగమణిది ఏర్గట్ల ఊరు. మూడు నెలల కింద ఆడపిల్లను కన్నది, పేరు గోదావరి. పిల్ల పుట్టినకాన్నుంచి అంజవ్వ ఒడి ఖాళీగ లేదు. కాళ్లు చాపుకోని, కాళ్ల మీద పిల్లను పండవెట్టుకోని, నూనె రుద్ది, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ ఏసి, మెత్తటి పాతచీరల సుట్టి గుండెకు ఆనిచ్చుకుంటే గాని ఆమెకు పొద్దు పొద్దు గాకుండె. మొగడు పోయి పదేండ్లాయె, ఒడిల ఏడుపు ఇని ఇరవై ఏండ్లాయె. ఆ పిల్లే ఆమె బతుకు.

గంగమణికి పాలు తక్కువ. పిల్ల అరగంట చీకి, కోపానికొచ్చి ఏడుస్తుండె. "ఫికరు జెయ్యకు, పాతరి తెస్త" అని అంజవ్వ పొద్దుగాల మంచులనే పోయి కొంగు నింపుకోని ఒచ్చింది. తెచ్చింది కోడలు చేతుల పోసి, పప్పుల ఏసి ఒండుమన్నది.

పగటీలి బువ్వ తినుకుంట గంగమణి మొకం అదోతీరు పెట్టింది. "అత్తా, జర సేదున్నదే."

"సేదుంటెనే పాలు పడ్తయి. ఇడువకుండ తిను."

కోడలు నీళ్లు తాగుకుంట తాగుకుంట గిన్నె కడిగినట్టు తిన్నది. అత్తకు ఎదురు చెప్పే మనిషి గాదు. పిల్లకు పాలిచ్చి, ఇసుర్రాయి పక్కన కొంగు పరుసుకోని పండుకున్నది. పిల్ల గూడ పండుకున్నది. ఇద్దరు నిమ్మలంగ నిద్రపోతుండ్రని అంజవ్వ సంబురపడి, ఈగలు ఒచ్చి వాలకుండ కొంగుతోని ఇసురుకుంట కూసున్నది.

దీపం పెట్టే ఏళ దాంక పిల్ల లేవలేదు. గంగమణి లేచింది గాని, తాగినోళ్ల లెక్క గోడ పట్టుకుంట లేచింది. పిల్ల అరికాళ్ల మీద తట్టిండ్రు, చెవుల ఊదిండ్రు, మొకం మీద నీళ్లు చిలకరిచ్చిండ్రు. పిల్ల మెడ పువ్వుకాడ తీరు ఇటు వాలుతది, అటు వాలుతది, కన్ను తెరువదు. గంగమణి మొత్తుకునుడు ఇని పక్కింటి లక్ష్మవ్వ ఉరికొచ్చింది. అప్పుడే పనిమీదికెల్లి హన్మాండ్లు గూడ ఒచ్చిండు.

"తల్లికి ఏం పెట్టిండ్రే?" అని లక్ష్మవ్వ పప్పుగిన్నెల ఏలు పెట్టి నాకి చూసింది, థూ అని ఉమ్మింది. "ఇది పాతరి గాదు, మన్ను గాదు. కాహు! బాలింతకు నిద్రమందు పెడ్తరా ఎవరన్న?"

అందరి కండ్లు అంజవ్వ మీదికి తిరిగినయి. బొటనేలుకు పేరువడ్డ అంజవ్వ మీదికి! ఆమె గుండె దడుక్కుమన్నది. ఆ దడుకుల నోరు దానంతట అదే తెరుసుకున్నది.

"నేనిచ్చింది పాతరే. మూలకు హకీంసాబు మూట ఉన్నది, అండ్ల చెయ్యి పెట్టుంటది ఈ పిల్ల."

"లేదత్తా, నువ్వు కొంగులకెల్లి పోసిందే..." అని గంగమణి అనవోయింది.

"అయితే నాకు ఆకు తెల్వదా? ఇయ్యాల నువ్వు నాకు నేర్పుతవా?"

అంతే, ఇగ ఎవరు అడ్డం చెప్తరు? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊకెనే అన్నరా పెద్దలు! హన్మాండ్లు పెండ్లాం మీద చెయ్యి లేపిండు, లక్ష్మవ్వ పట్టుకున్నది గని లేకపోతే కొట్టుతుండె. పట్టుకున్న లక్ష్మవ్వనే మల్ల "నువ్వు తల్లివేనా?" అన్నది. గంగమణి పిల్లను గుండెకు ఒత్తుకోని నేల మీద కూలవడ్డది.

జరసేపటికి పిల్ల చిన్నగ మూలిగింది. మూతి ముడిచి, కాళ్లు తన్ని, కెవ్వుమన్నది. బతికినం రా దేవుడా అని అందరు ఊపిరి పీల్చుకున్నరు. కోడలికి తగిలిన మాటలను ఎవరు ఎనుకకు తీసుకోలేదు. అంజవ్వ గూడ తీసుకోలేదు.

తను చెప్పింది అబద్ధమని ఆ ఏళకు అంజవ్వకు తెల్వదు. నిజమని గూడ తెల్వదు. తెల్వనిదాన్ని తెలిసినట్టు చెప్పింది. గంతే తేడా.

నాలుగొద్దులకు లక్ష్మవ్వ మాటల మాటగ ఒక ముచ్చట చెప్పింది. ఆమె తమ్ముడు ఏసుదానం డిచ్‌పల్లి పెద్దరోగం దవఖానల, అదే కుష్టోళ్ల దవఖానల, వంట చేస్తడు. "డాక్టరు దొరసాని కండ్లు మూసుకొమ్మని ఏలు మీద సూదితోని పొడుస్తదట అంజక్కా. అబ్బా అంటే ఇంటికి పో అంటదట. అనకపోతే, అయిపాయె, ఆ రోగమే!" అని నవ్వింది. అంజవ్వ గూడ నవ్వింది. నవ్వుకుంటనే కుడి బొటనేలును కొంగుల సుట్టుకున్నది. ఎండాకాలం నుంచి ఆ ఏలు మొద్దుబారినట్టుండె. నీళ్లల్ల నానుడుకు అనుకున్నది, కొడవలి పట్టి పట్టి కాయ కాసింది అనుకున్నది. ముండ్లు సరిగ తగులకపోతే అందాజ మీదనే ఆకు ఏరింది. మోచేతి మీద రూపాయంత తెల్లమచ్చ లేస్తే అది గూడ ఎండ మచ్చ అనుకున్నది. మనిషి అనుకోవాలనుకుంటే ఎన్ని అనుకోడు!

తెల్లారి అంజవ్వ రొట్టెలు కాలుస్తుంటే కమురువాసన ఒచ్చింది. రొట్టె మాడిందేమోనని వంగి చూసింది, రొట్టె మంచిగనే ఉన్నది.

"అత్తా, సెయ్యి! నీ సెయ్యి!" అని గంగమణి కేకేసింది.

పెనం అంచు మీద ఆనిచ్చిన బొటనేలు చర్మం తెల్లగ ఉబ్బి ఉన్నది. అంజవ్వ చెయ్యి గుంజుకున్నది. ఏం నొప్పి లేదు. నొప్పి లేదని గుర్తుకొచ్చి, ఒక గడియ ఆగి, "అబ్బా" అన్నది.

ఆ ఆలస్యమైన "అబ్బా" ఆమె చెవులకే ఎంత పాడుగ ఇనవడ్డదో! గంగమణి కండ్లల్లకు చూడలేక పొయ్యిల కట్టెలు ఎగదోసింది. కోడలు సున్నం, నూనె కలిపి తెచ్చి అక్కడ పెట్టి పోయింది.

రొట్టెలు గట్లనే ఇడిసిపెట్టి అంజవ్వ గట్టు మీదికి పోయింది. పూతకొచ్చిన ముదురు కాహు మొక్క ఒకటి నిలబడున్నది. దాని ఆకు ముండ్లు గుడ్డోళ్లకు గూడ కనవడేటంత పెద్దయి. కుడి బొటనేలు ఈనె కింద నడిపిచ్చింది. నున్నగున్నది. మల్ల నడిపిచ్చింది. పాతరి తీరే నున్నగున్నది. ఎడమ బొటనేలు పెట్టంగనే చురుక్కుమన్నది.

గట్టు మీద కూలవడ్డది. కొంగుల తను తెచ్చింది ఏందో, ఎవరు తెచ్చిండ్రో, ఇప్పుడు అనుమానం లేదు. పిల్లను చంపవోయింది తనే. చంపవోయి, కన్నతల్లి మీద పెట్టింది. సిగ్గుతోని ఒళ్లంత చెమట పట్టింది ఆ చలిల. భూమి నోరు తెరిస్తే దుంకి సచ్చేది.

ఇంటికి పోయి కోడలు కాళ్లు పట్టుకుందామని లేచింది. లేచి నాలుగడుగులేసి ఆగింది. ఏలుకు స్పర్శ లేదని చెప్తే పెద్దరోగం అని చెప్పినట్టే. పెద్దరోగమని తెలిస్తే ఒడిలకు పిల్లను ఎవరిస్తరు? ఊరి బయట గుడిసె ఏసి, దూరంకెల్లి బువ్వ పెట్టిన ముసలోళ్లను ఆమె ఎరుగదా? తను గూడ గట్లనే దూరంకెల్లి పెట్టలేదా? గోదావరిని మల్ల ముట్టొద్దా? చెప్పలేదు. తేలు కుట్టిన దొంగ తీరు ఇంట్లకొచ్చి మూలకు కూసున్నది.

ఇంకో సిగ్గుమాలిన పని గూడ చేసింది. రోగం సంగతి తెలిసి గూడ పిల్ల కోసం చేతులు చాపింది. "ఇటియ్యే, నీళ్లు పోస్త."

"నేను పోస్త తియ్యత్తా. పిల్లకు జలుబున్నది," అన్నది గంగమణి. మర్నాడు "నిద్రవోతున్నది" అన్నది. ఆ తెల్లారి "ఏడుస్తది" అని పిల్లను ఈపుకు కట్టుకోని నీళ్లకు పోయింది. నింద ఏసిన కోపం కోడలికింకా పోలేదనుకున్నది అంజవ్వ. పోకుంటె మంచిగే అనుకున్నది, తనకు గా శిక్షన్న ఉండాలె. అనుకున్నదే గని, ఖాళీ ఒడి పొద్దంత గుంజుతుండె. గట్ల మీదికి పోయినప్పుడు ఎవరు చూడకుండ ఎడమ బొటనేలుతోని ఆకు పరికిస్తుండె. దానికి గూడ జర జర మొద్దు మొదలైనట్టే ఉండె.

గా వారంలనే రాజనర్సు ఒచ్చిండు. నిజామాబాద్ నుంచి మోటరు దిగి, తెల్లధోతి బురద గాకుండ ఎత్తిపట్టుకోని, నెత్తిమీద నల్లటోపితోని తిన్నగ ఇంటి ముంగటికే ఒచ్చి నిలబడ్డడు. ఇరవై ఏండ్లల్ల అతను బోధన్ రావుడు అదే మొదలు. చేతుల మూట. అంజవ్వ పోయిన నెల పంపిన మూటే, ముడి గుర్తువట్టింది.

"అంజవ్వా, ఇజ్జత్ తీసినవు గదనే!" అన్నడు. కూసొమ్మంటే కూసోలేదు. "సగం కాహు, సగం పాతరి. హకీంసాబు నా మొకాన కొట్టినట్టు తిప్పి పంపిండు. రోగులకు నిద్ర పడ్తలేదట. పట్టదు మరి, కూర తింటే నిద్ర పడ్తదా? నిన్ను నమ్మి నేను మూట ఇప్పకపోతి. ఏమైంది నీకు?"

గడపల గంగమణి నిలబడున్నది, ఈపున గోదావరి. రాజనర్సే మాట అందిచ్చిండు.

"నీ కోడలు గూడ ఆకు మీద చెయ్యి పెడ్తున్నదట గద, బస్తీల ఇన్న. పిల్లకే తప్పాకు పెట్టుకున్నదట. ఈమె పనేనా ఇది?"

అవునంటే ఒక్కమాటతోని గండం దాటుతది. కాదంటే బొటనేలు ముంగటవెట్టాలె. అంజవ్వ నేల చూసుకుంట, "అవు సేటూ, పిల్లకింకా చెయ్యి తిరుగలె," అన్నది.

ఒక్కపారి అన్నది దడుకుల అన్నది అనుకోవచ్చు. ఇది దడుకు గాదు. తెలిసి అన్నది. ఆ మాట అంటుంటే తన నోట్లకెల్లి కమురువాసనే ఒచ్చినట్టయింది ఆమెకు. గంగమణి తలకాయ వంచింది.

"అయితే నడువు. నా కండ్ల ముంగట నువ్వే కొయ్యి. అప్పుడు హకీంసాబుకు నేను ఒట్టేసి చెప్త. ఓ పిల్లా, నువ్వు దూరం నిలబడు, ఆకు ముట్టకు!" అన్నడు రాజనర్సు.

గట్టు మీదికి పోయిండ్రు ముగ్గురు. మంచు ఇడిసింది, చెరుకాకుల మీద ఎండ పడుతున్నది. అంజవ్వ వంగి ఎడమచెయ్యి చాపింది.

"ఎడమ చేత్తోనా?" అని రాజనర్సు అదిరిపడ్డడు. "మందాకు ఎడమ చేత్తోని తెంపుతరా ఎక్కడన్న? రోగికి అరిష్టం! ఏమైంది నీకియ్యాల?"

నిజమే. మందాకును కుడిచేత్తోనే తెంపాలె, గా మాట ఊరందరికి నేర్పింది అంజవ్వనే. ఎడమచెయ్యి ఎనుకకు తీసుకోని కుడిచెయ్యి చాపింది. ఆకు తిప్పింది. ఈనె కింద బొటనేలు నడిపిచ్చింది. నున్నగ. "పాతరి," అని పక్కకు పెట్టింది. ఇంకోటి తిప్పింది. ఏమన్న తగులుతదేమోనని గట్టిగ ఒత్తి నడిపిచ్చింది. "ఇది గూడ పాతరే." ఇంకోటి. ఇంకింత గట్టిగ. "పాతరి." కండ్లు చిట్లిచ్చి చూసింది గని పచ్చటి మబ్బు తప్ప ఏం కనవడలేదు. పాతరి కుప్ప పెరుగుతున్నది, కాహు కుప్ప లేదు. రాజనర్సు టోపి తీసి చెమట తుడుసుకుంటున్నడు.

అప్పుడే గంగమణి చూసింది. పక్కకు పెట్టిన ఆకుల ఎనుక, తెల్లటి పాల మీద, ఎర్రగ గీతలు. అత్త బొటనేలు కొసకెల్లి మణికట్టు దాంక నెత్తురు కారుతున్నది, కాలిన బొబ్బ పగిలి ముండ్లు దిగినయి. అత్తకేమో ఎరుక లేదు. అత్త ఇంకో ఆకు తిప్పుతనే ఉన్నది.

గంగమణి ఉరికొచ్చి, అత్త చెయ్యిని తన కొంగుల కుక్కింది. ఇంకో చేత్తోని ఆ కుప్పల ఆకు ఒకటి గుంజి, ఈనె మీద తన బొటనేలును బర్రున రాకింది.

"ఏందే ఆ నెత్తురు?" అన్నడు రాజనర్సు అటు తిరిగి.

"నాదే సేటూ. ముల్లు దిగింది. తప్పైంది, ముట్టుకున్న."

"ముట్టుకోవద్దని చెప్పినా ఇనవా? ఈ పిల్ల చెయ్యి సోకితే సరుకు ఆగమే! అంజవ్వా, ఈమెను పొలంలకు రానియ్యకు. ఇంట్ల కట్టేసుకో."

"తప్పైంది సేటూ," అని మల్ల అన్నది గంగమణి, తల వంచుకోని. ఈపున పిల్ల కొంగు అంచు చీకుకుంట ఉన్నది.

అంజవ్వ కొంగు కిందికెల్లి చెయ్యి తీసి చూసుకున్నది. ఎర్రగున్నది, తనది గానంత దూరంల ఉన్నట్టున్నది, ఎవరి చెయ్యో తీరు. కోడలు చెయ్యి చూసింది. అండ్ల గూడ నెత్తురు. కావాలని గీసుకున్న నెత్తురు. కోడలికి అంతా ఎరుకే! పెనం కాడ్నుంచే ఎరుక. అందుకే పిల్లను ఒడిలకు ఇయ్యలే. ఇయ్యకపాయె గని ఒక్కరికి చెప్పకపాయె, మొగనికి గూడ చెప్పకపాయె. మూడు మార్లు నింద మోసి, మూడోది తనకు తానే నెత్తికెత్తుకున్నది.

ఇంత సిగ్గు అంజవ్వ పుట్టి ఎరుగదు. రోగం సిగ్గు దీని ముంగట ఏపాటిది! తల కొట్టేసినట్టయింది. గా తలను ఎట్లనో పైకెత్తింది.

"సేటూ, ఆగు," అన్నది. "తప్పు కోడలిది గాదు. నీ మూట ఖరాబు చేసింది నేను. పిల్లకు కాహు పెట్టింది నేను. తెలిసి తెలిసి ఈ తల్లి మీద ఏసింది గూడ నేనే. ఇగో, నా ఏలు." చెయ్యి చాపింది. "ముండ్లు దిగినా ఎరుక లేదు, పెనం మీద కాలినా ఎరుక లేదు. మోచేతి మీద మచ్చ గూడ ఉన్నది. ఏందో నీకు నేను చెప్పాల్నా?"

రాజనర్సు రెండడుగులు ఎనుకకు జరిగిండు. కుప్పలకెల్లి చేతులకు తీసిన ఆకు కింద పడేసి, ఏళ్లు ధోతికి తుడుసుకున్నడు. తుడుసుకుంటున్నట్టు తనకే ఎరుకై ఆగిండు. ఇరవై ఏండ్ల మనిషి ముంగట గట్ల చేసినందుకు అతని మొకం గూడ మాడిపోయింది. చెరుకు దిక్కు చూసుకుంట మెల్లగ అన్నడు.

"డిచ్‌పల్లి దవఖానల సూదులిస్తరట అంజవ్వా. తొందరగ పోతే ఆగుతదట. మా బస్తీకెల్లి గూడ పోయిండ్రు ఇద్దరు. పో, సిగ్గుపడకు." ఎనుకకు తిరిగి రెండు అడుగులేసి మల్ల ఆగిండు. "కాహు మాత్రం కావాలె నాకు. ఎవరు కోస్తరో మీరే చెప్పుకోండ్రి."

అతను పోయినంక గట్టు మీద అత్తా కోడలే మిగిలిండ్రు. అంజవ్వ చేతులు రెండు ఎనుకకు పెట్టుకోని, పిల్ల దిక్కు చూడకుండ, కాలువ దిక్కు తిరిగి నిలబడ్డది.

"హన్మాండ్లుకు, లక్ష్మవ్వకు అందరికి నేనే చెప్త బిడ్డా. ఇయ్యాలనే చెప్త. నన్ను తిట్టు. ఒక్క తిట్టన్న తిట్టు."

గంగమణి తిట్టలేదు. వంగి ఆకు తెంపింది, కుడిచేత్తోని. "అత్తా, ఏలు ఎటుకెల్లి ఎటు నడిపియ్యాలె? మొదటికెల్లి కొసకా?"

"కొసకెల్లి మొదటికి. ఒత్తొద్దు. ఊకె ఆనియ్యాలె." ఏడుపు మింగుకుంట చెప్పింది అంజవ్వ. "ముల్లు నిన్ను పట్టుకోవాలె, నువ్వు ముల్లును పట్టుకోవద్దు."

"నోటితోని సెప్తే నాకు రాదు. పట్టి సూపెట్టు."

"వద్దు బిడ్డా. ముట్టకు నన్ను."

అప్పుడొచ్చింది గంగమణికి కోపం. ఇన్నొద్దులది ఒక్కపారే ఒచ్చింది. "పిల్లను నీకియ్యలే, నిజమే. ఇయ్య గూడ. డిచ్‌పల్లోళ్లు ఇయ్యమన్నదాంక ఇయ్యనే ఇయ్య. నువ్వేడ్చినా ఇయ్య. గాని నేను ముట్టనని ఎవరన్నరు నీకు?"

అని అత్త ఎనుకకు పోయి, దాసుకున్న కుడిచెయ్యిని ముంగటికి గుంజి, నెత్తురు కొంగుతోని తుడిసి, ఆ బొటనేలును తన ఏళ్లు నాలుగింటి నడుమ పట్టుకున్నది. పట్టుకోని ఆకు కాడికి తెచ్చింది. గోర్లు తెల్లవడేటట్టు పట్టుకున్నది. ఎంత గట్టిగ పట్టుకున్నదో అంజవ్వకు కండ్లతోని చూస్తేనే తెలిసింది.